న్యాయపీఠం నుంచి ఉప్పు మళ్ల దాకా: సూరత్ జిల్లాలో అబ్బాస్ త్యాబ్జీ

దండి పేరు వినని భారతీయుడు ఉండడు. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ అక్కడ సముద్రపు ఒడ్డున ఉప్పు చేత్తో తీసి చట్టాన్ని ధిక్కరించిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. సరిగ్గా నెల తిరిగేసరికి ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసింది. మరి ఆయన తర్వాత ఉద్యమాన్ని నడిపింది ఎవరు? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఆయన పేరు అబ్బాస్ త్యాబ్జీ. అప్పటికి వయసు 76 ఏళ్లు. బరోడా సంస్థానపు హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఇంగ్లండులో చదువుకున్నారు. జీవితంలో ఎక్కువ కాలం బ్రిటిష్ సామ్రాజ్యాన్ని గౌరవించారు. అలాంటి మనిషి సూరత్ జిల్లా తీరంలో సత్యాగ్రహుల ముందు నిలబడి జైలుకు వెళ్లారు.

ఇది ఎలా జరిగింది? ఆ మార్పు వల్ల ఉద్యమానికి వచ్చిందేమిటి? ఇతర దేశాల్లో ఇలాంటి విద్వాంసులు, అధికారులు తిరగబడినప్పుడు ఏం జరిగింది? ఈ మూడు ప్రశ్నలనూ ఒకదాని తర్వాత ఒకటిగా చూద్దాం.

పరాయి పాలన ఎవరి చేతుల మీదుగా నడిచింది?

ముందుగా పాలన నడిచే తీరు తెలియాలి. 1931 జనాభా లెక్కల ప్రకారం, సంస్థానాలను మినహాయిస్తే, బ్రిటిష్ ఇండియాలో సుమారు 27 కోట్ల మంది ఉన్నారు. వారిని పాలించిన ఐసీఎస్ (జిల్లా కలెక్టర్ల నుంచి పైస్థాయి కార్యదర్శుల దాకా ఉండే ఉన్నతాధికారుల వ్యవస్థ) అధికారులు దాదాపు వెయ్యి మంది మాత్రమే. ఆ వెయ్యి మందిలో కూడా భారతీయులు ఉన్నారు. ఇంత కొద్దిమంది ఇంత పెద్ద దేశాన్ని నేరుగా పాలించలేరు. పని చేసేది, చేయించేది స్థానికులే.

ఈ స్థానిక ఉద్యోగులు మూడు అంచెల్లో ఉండేవారు. కింది అంచెలో ఊరి అధికారులు. గుజరాత్‌లో పటేల్ (ఊరి పెద్ద, పన్ను వసూలుకు బాధ్యుడు), తలాటీ (భూమి లెక్కలు రాసేవాడు). మన ఆంధ్ర జిల్లాల్లో మునసబు, కరణం చేసిన పని ఇదే. మధ్య అంచెలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పోలీసులు. పై అంచెలో న్యాయమూర్తులు, న్యాయవాదులు, దివాన్లు.

కింది అంచె పన్ను తెచ్చిపెట్టేది. మధ్య అంచె రోజువారీ పని నడిపేది. పై అంచె మరో ముఖ్యమైన పని చేసేది. ఈ పాలన న్యాయమైనదేనన్న నమ్మకాన్ని అది జనానికి ఇచ్చేది. తమలో పుట్టి పెరిగిన పండితుడు, నిజాయితీపరుడు ఆ న్యాయపీఠం మీద కూర్చుంటే, ఆ పీఠం మీద జనానికి గౌరవం కలగడం సహజం. అలాంటి మనిషి లేచి బయటికి వచ్చేస్తే ఒక ఉద్యోగి తగ్గడంతో ఆ నష్టం ఆగదు. పాలనకున్న మర్యాద తగ్గుతుంది.

సంస్థానాల్లో పరిస్థితి కొంచెం వేరు. బరోడాను గాయక్వాడ్ రాజవంశం పాలించేది. కానీ ఆస్థానంలో బ్రిటిష్ రెసిడెంట్ (సామ్రాజ్యం తరఫున రాజుపై నిఘా ఉంచే ప్రతినిధి) ఉండేవాడు. మూడో శాయాజీరావు గాయక్వాడ్ చదువుకున్న భారతీయులను ఏరికోరి కొలువులోకి తీసుకున్నారు. అరవింద ఘోష్ 1893 నుంచి 1906 దాకా అక్కడే పనిచేశారు. 1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ మహాసభ రెండుగా చీలినప్పుడు అతివాదుల సమావేశానికి అధ్యక్షత వహించింది ఆయనే. అంటే బరోడా కొలువు నుంచి సూరత్ రాజకీయాల్లోకి నడిచిన దారి త్యాబ్జీకి ముందే ఉంది. అయితే అరవిందులు యువకుడిగా ఆ దారి పట్టారు. త్యాబ్జీ ఆ దారికి వచ్చేసరికి ఆయన వయసు 65 దాటింది.

సామ్రాజ్యాన్ని నమ్మిన న్యాయమూర్తి

అబ్బాస్ త్యాబ్జీ 1854 ఫిబ్రవరి 1న పుట్టారు. వారిది సులేమానీ బోహ్రా కుటుంబం (గుజరాత్, ముంబయి ప్రాంతాల్లో వ్యాపారానికి పేరుపడ్డ ఒక ముస్లిం శాఖ). ఆయన చిన్నాన్న బద్రుద్దీన్ త్యాబ్జీ 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షులు. అబ్బాస్ చిన్న వయసులోనే ఇంగ్లండు వెళ్లి పదకొండేళ్లు అక్కడే చదువుకున్నారు. బారిస్టరై తిరిగొచ్చి బరోడా న్యాయసేవలో చేరారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగి 1913లో రిటైరయ్యారు.

కుటుంబ జీవితంలో ఆయన సంస్కర్త. ఆడపిల్లల చదువును గట్టిగా సమర్థించారు. పరదా పద్ధతిని కాదన్నారు. తన కూతుళ్లను చదివించారు. వారిలో రైహానా త్యాబ్జీ భజన గాయనిగా పేరు తెచ్చుకుని తర్వాత గాంధీజీ ఆశ్రమ జీవితానికి దగ్గరయ్యారు.

రాజకీయాల్లో మాత్రం ఆయన మితవాది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఈయనకు దగ్గరి బంధువు. తన ఆత్మకథలో అబ్బాస్ గురించి ఆయన వివరంగా రాశారు. బ్రిటిష్ చక్రవర్తిని గానీ రాజకుటుంబాన్ని గానీ ఎవరైనా చిన్న మాట అన్నా అబ్బాస్ సహించేవారు కాదట. స్వదేశీ మీద ప్రత్యేకమైన మోజు ఆయన చూపలేదట. గాంధీజీ పద్ధతులను మొదట్లో గట్టిగా వ్యతిరేకించారట. అయితే న్యాయమూర్తిగా ఆయన నిజాయితీని, పక్షపాతం లేని తీర్పులను రాజకీయ ప్రత్యర్థులు కూడా మెచ్చుకునేవారని సలీం అలీ రాశారు.

ఈ చివరి విషయం గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన మార్పుకు మూలం ఇక్కడే ఉంది. త్యాబ్జీ సామ్రాజ్యాన్ని గౌరవించడానికి కారణం అది న్యాయం చేస్తుందన్న నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం పోతే గౌరవం కూడా నిలవదు.

మనసు మార్చిన సాక్ష్యాలు

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో జనరల్ డయ్యర్ నిరాయుధులపై కాల్పులు జరిపించాడు. ప్రభుత్వ లెక్కలో మృతులు 379 మంది. పంజాబ్‌లో సైనిక చట్టం పెట్టారు. ఒక వీధిలో జనాన్ని పొట్ట మీద పాకించారు. బహిరంగంగా కొరడా దెబ్బలు కొట్టించారు.

ప్రభుత్వం హంటర్ కమిటీని వేసింది. జైల్లో ఉన్న పంజాబ్ నాయకులను సాక్ష్యం చెప్పడానికి విడుదల చేయకపోవడంతో కాంగ్రెస్ ఆ కమిటీని బహిష్కరించింది. సొంతంగా ఒక విచారణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. గాంధీజీ, చిత్తరంజన్ దాస్, ఎం.ఆర్. జయకర్‌లతో పాటు అబ్బాస్ త్యాబ్జీ అందులో సభ్యులు.

ఆ సంఘం 1,700కు పైగా సాక్షుల వాంగ్మూలాలను పరిశీలించింది. వాటిలో సుమారు 650 మాత్రమే ప్రచురించింది. రుజువు కాని విషయం ఏదీ నివేదికలోకి రాకూడదని గాంధీజీ పట్టుబట్టారు. వాంగ్మూలాలను తూచి చూసే ఆ పనిలో త్యాబ్జీకి జీవితకాలపు అనుభవం ఉంది. సాక్షి ఎక్కడ ఎక్కువ చేసి చెబుతున్నాడో, ఎక్కడ నిజం చెబుతున్నాడో కనిపెట్టడమే ఆయన వృత్తి. ఊరూరా తిరిగి దెబ్బలు తిన్నవాళ్లను, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను ఆయన విన్నారు. ప్రశ్నించారు. నివేదిక 1920 మార్చిలో వెలువడింది.

ఆ విచారణ ముగిసేసరికి పాత త్యాబ్జీ మిగల్లేదు. విదేశీ బట్టలను కాల్చేశారు. ఖద్దరు కట్టారు. మూడో తరగతి రైలు పెట్టెల్లో ప్రయాణం మొదలుపెట్టారు. ఖద్దరు ప్రచారానికి గుజరాత్ పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగారు. సభల్లో ఉపన్యాసాలు, పత్రికల్లో వ్యాసాలు చేయలేని పనిని సాక్ష్యాలు చేశాయి. ఆయన ఒక న్యాయమూర్తిగానే సామ్రాజ్యం మీద తీర్పుకు వచ్చారు. అందుకే ఆ తర్వాత ఆయన వెనక్కి చూడలేదు.

సూరత్ జిల్లా ఎందుకు?

సూరత్ ప్రాంతానికి ఉప్పు పన్నుతో పాత పగ ఉంది. 1844లో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఉప్పు సుంకాన్ని రెట్టింపు చేసింది. మణుగుకు అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచింది. సూరత్ జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం పెంపులో కొంత తగ్గించక తప్పలేదు.

1882 నాటి ఉప్పు చట్టం తయారీ హక్కును ప్రభుత్వం గుప్పిట్లో పెట్టింది. లైసెన్సు లేకుండా ఉప్పు వండితే నేరం. సముద్రం ఒడ్డున దానంతట అది పేరుకున్న ఉప్పును ఏరుకున్నా నేరమే. 1923లో వైస్రాయి శాసనసభ మాటను పక్కన పెట్టి పన్నును మణుగుకు రెండున్నర రూపాయలు చేశాడు. ఇక్కడ మణుగు అంటే ఉత్తరాది కొలత, సుమారు 37 కిలోలు. మరుసటి ఏడాది దాన్ని తిరిగి రూపాయి పావలాకు దించారు. కూలివాడికీ కోటీశ్వరుడికీ ఉప్పు అవసరం దాదాపు ఒకటే. అందువల్ల పన్ను భారం ఆదాయంతో పోలిస్తే పేదవాడి మీదే ఎక్కువ పడేది. అందరినీ తాకే పన్ను కాబట్టే గాంధీజీ దీన్ని ఎంచుకున్నారు.

రెండో కారణం బార్డోలీ. ఇదీ సూరత్ జిల్లా తాలూకాయే. 1928లో అక్కడ భూమి శిస్తును 22 శాతం పెంచితే వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు కట్టడం మానేశారు. పశువులను జప్తు చేశారు. భూములు వేలం వేశారు. అయినా జనం లొంగలేదు. ఊరి పటేళ్లు పదుల సంఖ్యలో రాజీనామా చేశారు. కొందరు తలాటీలు కూడా వారిని అనుసరించారు. త్యాబ్జీ ఆ వయసులోనూ బార్డోలీ వెళ్లి రైతుల పక్కన నిలబడ్డారు. చివరికి ప్రభుత్వం విచారణ వేసింది. ఆ విచారణలో ఒక సభ్యుడు బ్రూమ్‌ఫీల్డ్. 1922లో గాంధీజీకి ఆరేళ్ల శిక్ష విధించిన న్యాయమూర్తి ఆయనే. పెంపు సుమారు 6 శాతానికి మించి న్యాయం కాదని ఆ విచారణ తేల్చింది.

బార్డోలీ నేర్పిన పాఠం తేలికైనది. ఊరి అధికారి సహకరించకపోతే పన్ను వసూలు ఆగిపోతుంది. ఎవరి పొలం ఎక్కడుందో, ఎవరి పశువు ఏదో తెలిసింది అతనికే. 1930లో దండి యాత్ర సాగిన దారి పొడవునా గాంధీజీ ఊరి పెద్దలను రాజీనామా చేయమని అడిగారు. 300 మందికి పైగా చేశారు. కింది అంచె అలా సడలుతున్న సమయంలో పై అంచెలో పనిచేసిన మనిషి ఉద్యమానికి ముందు నిలబడ్డారు.

గాంధీజీ తర్వాత ఎవరు?

1930 ఉద్యమంలో జాగ్రత్తగా చూడాల్సిన అంశం వారసత్వ క్రమం. నాయకులను ఒక్కొక్కరిగా పట్టుకుపోతారని అందరికీ తెలుసు. దండి యాత్ర మొదలవడానికి ముందే, మార్చి 7న, వల్లభ్‌భాయ్‌ని అరెస్టు చేశారు. ఏప్రిల్ 14న జవాహర్‌లాల్ నెహ్రూను అరెస్టు చేశారు. అందుకే ప్రతి చోటా తర్వాతి నాయకుడెవరో ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. ఆ రోజుల్లో వీరిని డిక్టేటర్లు అనేవారు (సంఘం చర్చల కోసం ఆగకుండా ఉద్యమ నిర్ణయాలు తీసుకునే అధికారం ఉన్న నాయకుడు). మన ఆంధ్రలో ఆ బాధ్యత కొండా వెంకటప్పయ్య మీద పడింది.

గాంధీజీ తన తర్వాత త్యాబ్జీని, ఆయన తర్వాత సరోజినీ నాయుడిని ఎంచుకున్నారు. త్యాబ్జీలో మూడు అర్హతలు కనిపిస్తాయి. ఆయన మాటకు, నిజాయితీకి గుజరాత్ అంతటా విలువ ఉంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారిన తర్వాత హిందూ ముస్లిం సంబంధాలు దెబ్బతిన్న రోజుల్లో, ఒక ముస్లిం పెద్ద ఈ పోరాటాన్ని నడపడం దేశానికి అవసరం. మూడోది, చట్టం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. సత్యాగ్రహి చట్టాన్ని దొంగచాటుగా తప్పించుకోడు. బహిరంగంగా ఉల్లంఘించి, శిక్షను తానే కోరి తీసుకుంటాడు. జీవితమంతా శిక్షలు విధించిన మనిషి ఆ వైపు నిలబడితే, తప్పు చట్టానిదా మనిషిదా అన్న ప్రశ్న జనం మనసులో పుడుతుంది.

దండి తర్వాత లక్ష్యం ధరాసన ఉప్పు కొఠార్లు. దండికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఆనాడు సూరత్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు వల్సాడ్ జిల్లాలో ఉంది. అక్కడి ఉప్పును స్వాధీనం చేసుకుంటామని గాంధీజీ ముందుగానే వైస్రాయి ఇర్విన్‌కు రాశారు. ప్రభుత్వం ఆగలేదు. మే 4 అర్ధరాత్రి దాటాక సూరత్ జిల్లా మేజిస్ట్రేటు సాయుధ పోలీసులతో దండి దగ్గరి కరాడి గ్రామానికి వెళ్లి, పాకలో నిద్రపోతున్న గాంధీజీని అరెస్టు చేశాడు. వాడిన చట్టం 1827 నాటి బొంబాయి 25వ రెగ్యులేషన్ (విచారణ లేకుండా ఎంతకాలమైనా నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చే పాత శాసనం). 1922లో కోర్టులో గాంధీజీ చదివిన వాంగ్మూలం దేశమంతా పాకింది. ఈసారి అలాంటి వేదికకు చోటే లేకుండా పోయింది.

త్యాబ్జీ బాధ్యత తీసుకున్నారు. మే 12 ఉదయం 59 మంది సత్యాగ్రహులతో కరాడి నుంచి ధరాసన వైపు బయలుదేరారు. వారితో ఆయన మాట్లాడుతుండగానే కొన్ని వందల మంది పోలీసులు చుట్టుముట్టి అందరినీ అదుపులోకి తీసుకున్నారు. మాజీ ప్రధాన న్యాయమూర్తికి 3 నెలల జైలుశిక్ష పడింది.

ఆయన ధరాసన చేరలేదు. చిటికెడు ఉప్పు కూడా తీయలేదు. అయినా ఆ వారం రోజుల నాయకత్వం చిన్నది కాదు. గాంధీజీని పట్టుకుంటే ఉద్యమం ఆగుతుందన్న అంచనా తప్పని అది చూపింది. రెండో వ్యక్తి నిలబడ్డాడంటే మూడో వ్యక్తి కూడా నిలబడతాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన మూడో నాయకురాలు

ఆ మూడో వ్యక్తి మనకు బాగా తెలిసిన సరోజినీ నాయుడు. హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కొలువులో డాక్టరుగా పనిచేసిన గోవిందరాజులు నాయుడిని పెళ్లి చేసుకున్నారు. 1898లో మద్రాసులో జరిగిన ఆ కులాంతర వివాహానికి కందుకూరి వీరేశలింగం పెద్దగా నిలిచారు.

1930 మే 21న ఆమె నాయకత్వంలో సుమారు 2,500 మంది ధరాసన చేరారు. గాంధీజీ కుమారుడు మణిలాల్, దక్షిణాఫ్రికా రోజుల నుంచి ఆయన వెంట ఉన్న ఇమాం సాహెబ్ అబ్దుల్ ఖాదర్ బావజీర్ ముందు నడిచారు. కొఠార్ల చుట్టూ కందకాలు, ముళ్లకంచె. లోపల సుమారు 400 మంది సూరత్ పోలీసులు. వారిపై ఆజ్ఞలిచ్చే బ్రిటిష్ అధికారులు అరడజను మంది. వెయ్యి మంది కోట్లాది మందిని ఎలా పాలించారన్న ప్రశ్నకు ఆ ఉదయం ధరాసనలో చిన్న నమూనా కనిపిస్తుంది. దెబ్బ తిన్నవాళ్లు, కొట్టినవాళ్లు ఇద్దరూ భారతీయులే.

సత్యాగ్రహులు వరుసలుగా కంచె వైపు నడిచారు. ఇనుప పొన్ను వేసిన లాఠీలతో పోలీసులు తలల మీద కొట్టారు. పడిపోయినవాళ్లను మోసుకుపోయాక తర్వాతి వరుస కదిలింది. ఒక్కరూ చెయ్యెత్తి దెబ్బ కాచుకోలేదు. అమెరికన్ వార్తాసంస్థ యునైటెడ్ ప్రెస్ విలేఖరి వెబ్ మిల్లర్ దీన్ని కళ్లారా చూశాడు. తాత్కాలిక ఆసుపత్రిలో 320 మంది గాయపడ్డవాళ్లను లెక్కపెట్టాడు. ఇద్దరు చనిపోయారు. అతని కథనం ప్రపంచవ్యాప్తంగా 1,350 పత్రికల్లో వచ్చింది. సరోజినీ నాయుడిని ఆ రోజే అరెస్టు చేశారు. ఆ తర్వాత కూడా దాడులు కొన్ని రోజులు కొనసాగాయి.

వియత్నాంలో ఒక విద్వాంసుడు

ఇప్పుడు మూడో ప్రశ్న. ఇలాంటి తిరుగుబాటు మరో చోట ఎలా నడిచింది?

వియత్నాంలో ఫాన్ దిన్ ఫుంగ్ అనే పండితుడు 1847లో హా తిన్ రాష్ట్రంలో పుట్టాడు. అక్కడ కొలువుకు దారి పరీక్షలు. కన్ఫ్యూషియస్ గ్రంథాల మీద అంచెలంచెలుగా జరిగే ఆ పరీక్షల్లో 1877లో ఆయన దేశంలో మొదటివాడిగా నెగ్గాడు. రాజాస్థానంలో పర్యవేక్షణాధికారి (మిగతా అధికారుల తప్పులను రాజు దృష్టికి తెచ్చే ఉద్యోగి) అయ్యాడు. 1883లో ఆస్థానపు పెద్దలు వారసుడైన రాజును తప్పించినప్పుడు ఎదిరించాడు. ఉద్యోగం పోయింది. సొంత ఊరికి పంపేశారు.

1885లో బాలరాజు హామ్ న్ఘీ ఫ్రెంచి సైన్యం నుంచి తప్పించుకుని కొండల్లోకి వెళ్లి తిరుగుబాటుకు పిలుపునిచ్చాడు. ఫాన్ ఆ పిలుపు అందుకున్నాడు. కొలువు నుంచి గెంటేసిన రాజవంశం కోసమే ఆయుధం పట్టాడు. ఆయన సహచరుడు కావో థాంగ్ ఫ్రెంచి తుపాకులను విడదీసి చూసి, అడవిలోనే వాటి నకళ్లు తయారు చేయించాడు. 1888లో రాజు పట్టుబడ్డా పోరు ఆగలేదు. ఫాన్ లొంగాలని ఫ్రెంచివారు ఆయన పూర్వీకుల సమాధులను తవ్వించారు. పూర్వీకుల పట్ల భక్తి ఆ సమాజంలో ప్రాణం లాంటిది. ఫ్రెంచివారి కొలువులో ఉన్న హోవాంగ్ కావో ఖాయ్ చేత లొంగిపొమ్మని ఉత్తరం రాయించారు. అతనిదీ ఫాన్ ఊరే. ఒకే ఊరి ఇద్దరు విద్వాంసులు రెండు దారులు పట్టారు. ఫాన్ లొంగలేదు. పదేళ్లకు పైగా పోరాడి 1896 జనవరి ప్రాంతంలో అడవిలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆయన తర్వాత ఆ పోరు నిలవలేదు.

ఫాన్‌కూ త్యాబ్జీకీ పోలిక ఉంది. ఇద్దరూ పాలనాయంత్రం పై అంచెలో తయారైనవాళ్లు. ఇద్దరి మాటకూ విలువ తెచ్చింది చదువు, నిజాయితీ. తేడా కూడా అంత స్పష్టమే. ఫాన్ పోరుకు బలం ఆయన వ్యక్తిత్వం, ఆయుధం, అడవి. ఆయన పోయాక వాటిని ఒక్కటిగా పట్టి ఉంచేవాడు లేడు. త్యాబ్జీ పోరులో ఆయుధం లేదు, దాక్కునే చోటు లేదు. అయితే తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. ఒక నాయకుణ్ని వారం రోజుల్లో తీసుకుపోయినా తొమ్మిది రోజులకు మరో నాయకురాలి వెనక రెండు వేల మందికి పైగా కదిలారు. ఇది ధైర్యంలో తేడా కాదు. ఫాన్ ఎదుర్కొన్న సైన్యం, కాలం, సమాజం వేరు. తేడా నిర్మాణంలో ఉంది.

పెదనందిపాడు చెప్పేది

ఊరి అధికారి సహకరించకపోతే వసూలు ఆగుతుందన్న బార్డోలీ సూత్రం తెలుగు నేల మీద కూడా పనిచేసింది. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో 1921 చివర్లో, 1922 మొదట్లో పన్ను నిరాకరణ సాగింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శాంతిసేన దాన్ని నడిపింది. మునసబులు, కరణాలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. వసూలు దాదాపు స్తంభించింది. ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. ఆ సమయంలో గాంధీజీ సామూహిక శాసనోల్లంఘనకు ఎంచుకున్నది సూరత్ జిల్లా బార్డోలీని. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత బార్డోలీలో అది ఆగింది. గుంటూరులోనూ ఆగింది.

1930లో అదే ఆంధ్రలో టంగుటూరి ప్రకాశం దేవరంపాడు శిబిరం నుంచి ఉప్పు సత్యాగ్రహం నడిపారు. ఆయన కూడా మద్రాసు హైకోర్టులో బాగా సంపాదిస్తున్న వృత్తిని 1921లో వదులుకున్న బారిస్టరే. కింది అంచెలో మునసబు, పై అంచెలో బారిస్టరు, న్యాయమూర్తి. ఇద్దరూ ఒకేసారి చేయి వెనక్కి తీసుకుంటే పాలనకు నడిచే కాళ్లూ ఉండవు, నిలిచే మర్యాదా ఉండదు.

ఏం మిగిలింది?

ధరాసన దాడితో ఉప్పు పన్ను పోలేదు. 1931 మార్చి 5 నాటి గాంధీ ఇర్విన్ ఒప్పందంలో, ఉప్పు దొరికే ప్రాంతాల ప్రజలు తమ వాడకానికి దాన్ని తీసుకోవచ్చని ప్రభుత్వం అంగీకరించింది. పన్ను పూర్తిగా రద్దయింది 1947లో. ఉప్పు లెక్కలో చూస్తే త్యాబ్జీ గెలవలేదు. కానీ బ్రిటిష్ న్యాయం గొప్పదన్న మాట 1930 తర్వాత ప్రపంచం ముందు మునుపటిలా నిలవలేదు. ఆ మాటను ఒకప్పుడు మనస్ఫూర్తిగా నమ్మిన మనిషే దానికి వ్యతిరేకంగా జైలుకు వెళ్లి సాక్ష్యం చెప్పాడు.

గాంధీజీ, త్యాబ్జీల స్నేహం చివరిదాకా సాగింది. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లో 'భ్‌ర్‌ర్‌ర్' అనే సరదా పలకరింపు ఉండేది. 1936 జూన్ 9న ముస్సోరీలో త్యాబ్జీ కన్నుమూశారు. గాంధీజీ 'హరిజన్' పత్రికలో ఆయన్ని గుజరాత్ వృద్ధపితామహుడిగా స్మరిస్తూ వ్యాసం రాశారు.

ఆయన జీవితం నుంచి తీసుకోవాల్సిన పాఠాలు రెండు. ఒకటి, మనసు మార్చుకోవడానికి వయసు అడ్డు కాదు, సాక్ష్యం ముఖ్యం. 65 ఏళ్లు నమ్మినదాన్ని ఆయన విన్న సాక్ష్యాల ముందు పెట్టి చూశారు. నిలవలేదు కాబట్టి వదిలేశారు. రెండు, ఏ ఉద్యమమూ ఒక్క మనిషి మీద ఆధారపడి ఎక్కువకాలం సాగదు. తర్వాతి మనిషి సిద్ధంగా ఉండాలి. అతని తర్వాతి మనిషి కూడా ఉండాలి.

మన పిల్లలకు దండి కథ చెప్పేటప్పుడు అక్కడితో ఆపకండి. కరాడిలో అరెస్టయిన ఆ పెద్దాయన గురించి, ధరాసనకు నడిచిన హైదరాబాద్ ఆడపడుచు గురించి, తలల మీద దెబ్బలు తిన్న పేరు తెలియని వందల మంది గురించి కూడా చెప్పండి. ఉప్పు సత్యాగ్రహం వీళ్లందరిదీ.